కామన్ క్రో సీతాకోకచిలుక: సరిగ్గా గుర్తుపట్టడం, గుడ్డు నుంచి రెక్కల దాకా గమనించడం ఎలా?

నల్లటి రెక్కలు, అంచుల్లో తెల్లచుక్కలు. ఇలాంటి ఫొటో పంపి ‘ఇది కామన్ క్రోనేనా?’ అని అడిగేవాళ్లు చాలామంది. ఎక్కువసార్లు జవాబు ‘అయి ఉండొచ్చు’ దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే ఫొటోలో రెక్కల పైభాగం ఒక్కటే ఉంటుంది. ఈ సీతాకోకచిలుక విషం ఒంటబట్టించుకున్నది, పక్షులు దీని జోలికి పెద్దగా పోవు. అందుకే దీన్ని అనుకరించే జాతులు అడవిలో కనీసం రెండు మూడు కనిపిస్తాయి. పైరెక్క చూసి తేల్చేస్తే పక్షి మోసపోయినట్టే మనమూ మోసపోతాం.

శాస్త్రీయ నామం యూప్లోయా కోర్. దక్షిణాసియా నుంచి ఆస్ట్రేలియా దాకా అడవుల్లో, తోపుల్లో, చెట్లున్న ఊళ్లలో కనిపిస్తుంది. కింది దశల్ని ఇదే వరుసలో పాటించండి. ముఖ్యంగా 3, 4, 7 దశల్ని దాటేయొద్దు.

1. బయల్దేరే ముందు

పెద్ద సరంజామా అక్కర్లేదు. వల అసలే వద్దు.

- 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం (గుడ్ల కోసం, చిన్న గొంగళిపురుగుల కోసం)
- 15 సెం.మీ. స్కేలు
- కెమెరా లేదా ఫోను. దగ్గరికి జూమ్ అయ్యేదైతే మేలు
- మెత్తటి చిన్న కుంచె. పురుగును కదపాల్సి వస్తే వేళ్లతో కాకుండా దీంతోనే కదపాలి
- నోటుపుస్తకం, పెన్సిలు

గన్నేరు కొమ్మలు తుంచే పని పడితే చేతికి తొడుగులు ఉండాలి. గన్నేరు పాలు విషం. కంట్లో పడకూడదు, నోటికి తగలకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తుంచిన కొమ్మల్ని పశువులకు, పిల్లలకు అందేచోట పారేయొద్దు.

అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో చూడటం, ఫొటో తీయడం వరకే. అనుమతి లేకుండా అక్కడినుంచి గుడ్డును గానీ పురుగును గానీ తీసుకురాకూడదు.

2. ఎక్కడ, ఎప్పుడు వెతకాలి

వానలు పడి చిగుళ్లు వేసే కాలం అన్నిటికన్నా అనువైనది. రెక్కలొచ్చిన పెద్దవీ దొరుకుతాయి, గుడ్లూ దొరుకుతాయి. ఎండాకాలంలో అడవిలో వాగుల పక్కన, నీడగా తేమగా ఉన్నచోట గుంపులుగా చేరతాయి. అప్పుడు పెద్దవాటిని చూడటం తేలికే గానీ గుడ్లు దొరకడం కష్టం.

ఉదయం ఎండ తగిలే ఆకుల మీద రెక్కలు విప్పి కూర్చుంటుంది. పైరెక్క ఫొటోకు అదే సమయం. ఎండ ముదిరాక పూల దగ్గర కాపు కాయండి. తేనె తాగేటప్పుడు రెక్కలు మూస్తుంది కాబట్టి అడుగుభాగం స్పష్టంగా దొరుకుతుంది.

జనుము జాతి మొక్కలు, హెలియోట్రోపియం మొక్కలు ఎండిపోయి ఉన్నచోట మగవి మూగుతాయి. వాటికి కావలసింది అక్కడ తేనె కాదు, ఆ మొక్కల్లోని ఆల్కలాయిడ్లనే రసాయనాలు. ఆడదాన్ని ఆకర్షించే వాసనను వాటినుంచే తయారుచేసుకుంటాయి. ఆ పనిలో ఉన్నప్పుడు మనం బాగా దగ్గరికి వెళ్లినా తొందరగా లేవవు.

ఎగిరే తీరు కూడా ఒక గుర్తే. తొందర ఉండదు. రెండు మూడుసార్లు రెక్కలాడించి, కాసేపు తేలిపోతుంది. అయితే అనుకరించే జాతులు ఈ తీరును కూడా అనుకరిస్తాయి కాబట్టి ఎగిరే తీరును బట్టి పేరు రాసేయొద్దు.

3. చూడాల్సిన వరుస

కింది క్రమంలో ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టుకోండి.

- పరిమాణం: రెక్కలు విప్పితే సుమారు 8 నుంచి 9 సెం.మీ.
- రంగు: ముదురు గోధుమ, దాదాపు నలుపు. రెక్కల బయటి అంచు వైపు రంగు కాస్త పలచబడుతుంది. కొట్టొచ్చినట్టు నీలి మెరుపు ఉంటే వేరే క్రో జాతి గురించి ఆలోచించాలి
- అంచు చుక్కలు: రెండు వరుసలు. లోపలి వరుస చుక్కలు పెద్దవి, బయటి వరుసవి చిన్నవి. ముందురెక్కలో బయటి వరుస పైకొన దాకా పూర్తిగా పోకపోవచ్చు
- వెనక రెక్క: లోపలి వరుస చుక్కలు పొడుగ్గా సాగినట్టు ఉంటాయి
- అడుగుభాగం: అంచు వరుసలతో పాటు రెక్క నడుమ కూడా విడివిడిగా తెల్లచుక్కలు. ముందురెక్కలోనూ వెనకరెక్కలోనూ ఉంటాయి
- తల, ఛాతీ: నల్లగా ఉండి, కింది వైపు తెల్లచుక్కలు
- కాళ్లు: కూర్చున్నప్పుడు నాలుగే కనిపిస్తాయి. ముందు జత చిన్నదైపోయి ఛాతీకి ముడుచుకుని ఉంటుంది

అడుగుభాగం ఫొటో ఒక్కటి, పైభాగం ఫొటోలు పదింటికి సమానం. చుక్కల సంఖ్య, పరిమాణం ప్రాంతాన్ని బట్టీ, ఒక్కొక్కదాన్ని బట్టీ మారుతుంటాయి. అందుకే ‘పుస్తకంలో ఎనిమిది చుక్కలున్నాయి, నాకు ఏడే కనిపిస్తున్నాయి’ అన్న బెంగ అనవసరం. చుక్కల లెక్క కన్నా అవి ఏ వరుసలో, ఎక్కడ ఉన్నాయన్నదే ముఖ్యం.

4. మోసం చేసేవి

*కామన్ మైమ్.* ఇది తోకచిలుకల కుటుంబానిది, తోక మాత్రం లేదు. దీని నల్లటి రూపం క్రోను అచ్చు దించుతుంది. రెక్క మూసినప్పుడు వెనకరెక్క అడుగు అంచు చూడండి. అక్కడ పసుపుపచ్చ మచ్చల వరుస ఉంటే అది మైమ్. క్రోకు అక్కడ పసుపు ఉండదు. రెండో గుర్తు కాళ్లు: మైమ్ ఆరు కాళ్ల మీద నిలబడుతుంది. పూల మీద ఉన్నప్పుడు పక్కనుంచి తీసిన ఫొటోలో ఇది చక్కగా తెలుస్తుంది.

*గ్రేట్ ఎగ్‌ఫ్లై ఆడది.* దీనికీ నాలుగు కాళ్లే కనిపిస్తాయి కాబట్టి కాళ్ల గుర్తు ఇక్కడ పనికిరాదు. రెక్కల అంచులు చూడాలి. ఎగ్‌ఫ్లై అంచులు గాట్లు గాట్లుగా అలలు తిరిగి ఉంటాయి, అంచు వెంట తెల్లటి నెలవంకలు ఉంటాయి. క్రో అంచు నునుపుగా ఉంటుంది.

*ఇతర క్రో జాతులు.* వీటితోనే అసలు చిక్కు. డబుల్ బ్రాండెడ్ క్రో మగదానికి ముందురెక్క పైభాగంలో ముదురు చారలు రెండుంటాయి. కామన్ క్రో మగదానికి ఒకటే, అదీ మసగ్గా. స్ట్రైప్డ్ బ్లూ క్రో మగదానికి నీలిరంగు ధగధగలాడుతుంది, ఆడదానికి వెనకరెక్క మీద తెల్లటి గీతలుంటాయి. పైభాగం, అడుగుభాగం రెండూ దొరక్కపోతే ‘క్రో జాతి’ అని రాసి వదిలేయండి. తప్పు పేరు రాయడం కన్నా సగం పేరు రాయడమే నయం.

5. మగదా, ఆడదా

ముందురెక్క కింది అంచు చూస్తే చాలు, అంటే వెనకరెక్కకు ఆనుకునే అంచు. అది విల్లులా బయటికి వంగి ఉంటే మగది, తిన్నగా ఉంటే ఆడది. మగదానికి అదే అంచుకు కాస్త పైన చార ఉంటుంది. అయితే పాతబడిన రెక్కల్లో చార కనిపించదు, అంచు వంపు మాత్రం పోదు.

తోవ పట్టుకుని ఒకేచోట తిరుగుతూ, పొట్ట చివర పసుపుపచ్చ కుచ్చులు విప్పి తేలుతుంటే అది మగదే. ఆడదాని కోసం వాసన వెదజల్లుతోందన్నమాట.

6. గుడ్లు వెతకడం

ఆహారపు మొక్క తెలియకుండా గుడ్లు వెతకడం వృథా శ్రమ. కామన్ క్రో గుడ్లు పెట్టే మొక్కల్లో ముఖ్యమైనవి: గన్నేరు, మర్రి, రావి, మేడి, సుగంధిపాల, నల్లతీగ. అన్నీ తుంచితే పాలు కారేవే.

వరుస ఇది:

1. ఆడది ఒక మొక్క చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ, ఆకుల మీద వాలుతూ లేస్తుంటే దూరంగా నిలబడి చూడండి. పొట్ట చివరను ఆకు కిందికి వంచితే గుడ్డు పెడుతున్నట్టే.
2. అది వెళ్లాక అదే కొమ్మ చిగుళ్లు చూడండి. ముదురాకుల మీద సమయం వృథా చేయొద్దు. చిగురాకు అడుగున ఒక్కో గుడ్డు విడిగా ఉంటుంది.
3. భూతద్దంతో చూడండి. క్రో గుడ్డు నిలువుగా, 2 మి.మీ. లోపు ఎత్తులో, లేతపసుపు రంగులో మెరుస్తూ, పైనుంచి కిందికి సన్నని గట్లతో ఉంటుంది. గుండ్రంగా, నున్నగా ఉంటే వేరే జాతిది.
4. ఆకుకు గుర్తుగా తొడిమ దగ్గర వదులుగా రంగు దారం కట్టండి. తేదీ, వేళ రాసుకోండి.

వెచ్చటి వాతావరణంలో 3, 4 రోజుల్లో పొదుగుతుంది. దానికి ముందు గుడ్డు పైకొన నల్లబడుతుంది. లోపలి పురుగు తల అలా బయటికి కనిపిస్తుందన్నమాట. గుడ్డు మొత్తం ఒక్కతీరుగా నల్లబడి, రోజులు గడిచినా పొదగకపోతే పరాన్నజీవి కందిరీగ అందులో గుడ్లు పెట్టి ఉంటుంది.

7. గొంగళిపురుగు: కొమ్ములు లెక్కపెట్టండి

పెద్దదాన్ని గుర్తించడంలో ఎంత తిరకాసు ఉందో పురుగు దగ్గర అంత సుఖం. ఒంటి మీద జతలు జతలుగా నల్లటి, మెత్తటి కొమ్ములుంటాయి. అవి కుట్టవు, విషం చిమ్మవు. వాటి జతలు లెక్కపెడితే ఏ జాతిదో దాదాపు తేలిపోతుంది.

- 4 జతలు: కామన్ క్రో. తల వెనక రెండు జతలు, నడుముకు ముందు ఒకటి, తోక దగ్గర ఒకటి
- 3 జతలు: ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్
- 2 జతలు: బ్లూ టైగర్, గ్లాసీ టైగర్
- తోక దగ్గర ఒకే కొమ్ము, ఆకుపచ్చ ఒళ్లు, తల వెనక నీలికళ్లలాంటి మచ్చలు: గన్నేరు మీద ఉంటే అది గన్నేరు హాక్ చిమ్మట పురుగు, సీతాకోకచిలుక కాదు

నాలుగు జతలు మిగతా క్రో జాతుల పురుగుల్లో కొన్నిటికి కూడా ఉంటాయి. కాబట్టి రంగు కూడా చూసుకోండి. ఎదిగిన కామన్ క్రో పురుగు ఒంటి మీద తెలుపు, ముదురు గోధుమ లేదా నలుపు పట్టీలు అడ్డంగా వరసపెట్టి ఉంటాయి. రెండు పక్కలా తల నుంచి తోక దాకా నారింజ ఎరుపు పట్టీ. తల మీద నలుపు తెలుపు అర్ధచంద్రాకారపు గీతలు.

పొదిగినప్పుడు పురుగు 4 మి.మీ. ఉంటుంది. మొదట తన గుడ్డు పెంకునే తింటుంది. అప్పటికి కొమ్ములు చిన్న బుడిపెలే కాబట్టి మొదటి దశలో లెక్కపెట్టబోయి తప్పులో కాలేయొద్దు. ఒకటి రెండుసార్లు కుబుసం విడిచాక కొమ్ములు సాగుతాయి, అప్పుడు లెక్క ఖాయం. మొత్తం ఐదు దశలు, నాలుగు కుబుసాలు. 11 నుంచి 15 రోజుల్లో 4, 5 సెం.మీ. పొడవు పెరుగుతుంది.

ఆకు తినే పద్ధతిని కాసేపు ఓపిగ్గా చూడండి. పురుగు నేరుగా తినడం మొదలుపెట్టదు. ముందు ఆకు నడిమి ఈనెను ఒకచోట కొరుకుతుంది. అక్కడ పాలు బొట్టుగా ఊరి కారిపోతాయి. తరవాత కొరికినచోటు దాటి ఆకు కొన వైపు వెళ్లి, పాలు అందని ఆ భాగాన్ని తింటుంది. పాలు జిగురుగా గట్టిపడి నోటిని అతికించేస్తాయి కాబట్టి ఈ జాగ్రత్త. వెతికేవాళ్లకు ఇదే ఆనవాలు. చిగురాకు సగంలో వంగి వాలిపోయి, ఈనె మీద ఎండిన పాలచుక్క ఉంటే ఆకు తిప్పి చూడండి.

8. పెంచి చూడాలంటే

వీలైతే మొక్క మీదే వదిలేసి రోజూ వెళ్లి చూడటం మేలు. మొక్క మీద చీమలు, సాలీళ్లు, కందిరీగలు ఎక్కువై ఒక్కటీ మిగలడం లేదనుకుంటే రెండు మూడింటిని మాత్రమే తెచ్చుకోండి. ఒక పురుగు చివరి నాలుగైదు రోజుల్లో అంతకుముందు తిన్న మొత్తం కన్నా ఎక్కువ తింటుంది. పది తెచ్చుకుని ఆకు చాలక ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ.

- డబ్బా: లీటరు పట్టే గాజు లేదా ప్లాస్టిక్ డబ్బాకు రెండు పురుగులు. మూతకు బదులు పలచటి గుడ్డ, రబ్బరు బ్యాండు. వల బోను అయితే 30 × 30 × 45 సెం.మీ. చాలు
- అడుగున టిష్యూ కాగితం, రోజూ మార్చాలి. రెట్ట పేరుకుంటే బూజు, రోగం
- ఆకు: ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్కదే. గన్నేరు మీద పెరిగినదానికి మర్రాకు పెడితే తినకుండా చచ్చిపోవచ్చు
- మందు చల్లిన మొక్క ఆకు వద్దు. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కదీ వద్దు
- కొమ్మను నీళ్ల సీసాలో పెడితే సీసా మూతిని దూదితో బిగించాలి. లేకపోతే పురుగు కిందికి దిగి నీళ్లలో పడుతుంది
- ఎండ నేరుగా పడకూడదు. మనకు హాయిగా ఉండే గది వేడిమి దానికీ సరిపోతుంది

ఆకును కడిగితే తడి పూర్తిగా తుడిచాకే పెట్టండి. నీళ్లు చిలకరించొద్దు. ఆకులోని నీరే దానికి చాలు.

పురుగు ఒకరోజంతా కదలకుండా, తినకుండా ఉంటే రోగం అనుకోకండి. కుబుసం విడిచే ముందు అలాగే ఉంటుంది. ఆ సమయంలో కుంచెతో పొడిచినా, కొత్త ఆకు మీదికి లాగినా కాళ్లు పట్టు వదిలి కుబుసం సగంలో ఇరుక్కుంటుంది. పురుగుల్ని పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. పాత ఆకుతో సహా డబ్బాలోనే ఉంచి పక్కన కొత్త ఆకు పెట్టండి, అదే నడిచి వస్తుంది.

9. ప్యూపా

ఐదో దశ చివర పురుగు తినడం మానేసి డబ్బాలో అటూ ఇటూ తిరుగుతుంది. చోటు దొరకగానే పట్టుతో చిన్న దిండు అల్లి, వెనక కాళ్లతో దానికి తలకిందులుగా వేలాడుతుంది. ఒక రోజు అలా ఉండి, చర్మం చీల్చుకుని ప్యూపా (పురుగు లోపల సీతాకోకచిలుకగా మారే పెంకు దశ) బయటపడుతుంది. వేలాడిన క్షణం నుంచి డబ్బా కదపొద్దు.

కొత్త ప్యూపా మెత్తగా, మెరుపు లేకుండా ఉంటుంది. ‘బంగారం రంగు అన్నారు, నాది అలా లేదే’ అని కంగారు పడకండి. ఒకటి రెండు రోజుల్లో బంగారు లేదా వెండి నిగారింపు వస్తుంది. ఇది పూసిన రంగు కాదు. పెంకులో ఒకదాని మీద ఒకటిగా ఉన్న పలుచటి పొరలు వెలుగును తిప్పికొట్టడం వల్ల వచ్చే మెరుపు. పెంకు ఎండితే పోతుంది. అందుకే సీతాకోకచిలుక వెళ్లిపోయాక మిగిలే ఖాళీ పెంకులో బంగారం ఉండదు.

ప్యూపా దశ 7 నుంచి 10 రోజులు, చలికాలంలో ఇంకా ఎక్కువ. కిందపడితే: తోక కొనకు మిగిలి ఉన్న పట్టును సన్నని దారంతో కట్టి, కర్రకు వేలాడదీయండి. పట్టు లేకపోతే గరుకు గుడ్డ పరిచి, ఎక్కడానికి నిలువు గోడ ఆనుకుని ఉండేలా పడుకోబెట్టండి. జిగురు వాడొద్దు.

10. రెక్కలు విచ్చే రోజు

ముందురోజు మెరుపు తగ్గి ప్యూపా నల్లబడుతుంది, పెంకులోంచి రెక్కల చుక్కలు కనిపిస్తాయి. ఎక్కువగా ఉదయం పూట బయటికి వస్తుంది.

బయటికి వచ్చాక ముడుచుకున్న రెక్కలు సాగడానికి 15, 20 నిమిషాలు, గట్టిపడడానికి కనీసం రెండు మూడు గంటలు పడుతుంది. ఈలోగా ముట్టుకోకూడదు. కింద కనీసం 15 సెం.మీ. ఖాళీ ఉండాలి. డబ్బా అడుగున రెక్క తగిలితే వంకర తిరిగి అలాగే బిగుసుకుపోతుంది, తరవాత సరిచేయలేం. పొట్ట నుంచి ఎర్రటి ద్రవం కారితే రక్తం అనుకోవద్దు, ప్యూపాలో పేరుకున్న వ్యర్థం అది.

మొదటి రోజు మేత పెట్టనక్కర్లేదు. వాన లేని వేళ, పురుగు దొరికిన మొక్క పక్కనే వదలండి. సాయంత్రం విచ్చితే రాత్రి బోనులోనే ఉంచి తెల్లారి వదలండి.

11. తేడా వస్తే

- *పురుగు నల్లబడి, వెనక కాళ్లతో వేలాడుతూ లోపల నీరైపోయింది:* వైరస్. ఆ డబ్బాను మూసి తీసేయండి, ఇతర పురుగుల్ని కొత్త డబ్బాలోకి మార్చండి. పాత డబ్బాను బ్లీచింగ్ ద్రావణంతో కడిగి ఎండబెట్టాలి
- *పురుగు మెడ మీద తెల్లటి చిన్న గుడ్లు అతుక్కున్నాయి:* టాకినిడ్ అనే పరాన్నజీవి ఈగ. ఇక ఆ పురుగు దక్కకపోవచ్చు. మిగతావాటికి డబ్బా మీద సన్నని వల కట్టండి. కొన్ని ఈగలు ఆకుల మీదే గుడ్లు పెడతాయి, పురుగు ఆకు తిన్నప్పుడు అవీ లోపలికి పోతాయి
- *ప్యూపా నుంచి జిగురు దారం వేలాడుతోంది, కింద గోధుమరంగు గింజల్లాంటివి పడ్డాయి:* ఈగ పిల్లలు బయటపడ్డాయి, సీతాకోకచిలుక రాదు
- *ప్యూపాకు చిన్న గుండ్రటి రంధ్రం:* కందిరీగ పని
- *ప్యూపా నల్లబడింది గానీ చుక్కలు కనిపించడం లేదు, వంగనంత బిగుసుకుపోయింది:* చనిపోయింది. రెండు రోజులు ఆగి తీసేయండి

పరాన్నజీవి దొరికితే పారేయకుండా ఫొటో తీసి తేదీతో రాసుకోండి. ఏ ఈగ ఏ పురుగులోంచి వచ్చిందన్న సమాచారానికి, సీతాకోకచిలుక ఫొటోకు ఉన్నంత విలువ ఉంది.

12. నోటుపుస్తకంలో రాయాల్సినవి

- చోటు, తేదీ, వేళ, ఎండా నీడా
- మొక్క పేరు. తెలియకపోతే ఆకు, కాయ, పాలు కారడం ఫొటోలు
- పైరెక్క ఫొటో, అడుగురెక్క ఫొటో, పక్కనుంచి కాళ్లు కనిపించే ఫొటో
- మగదా ఆడదా, ఏ గుర్తును బట్టి
- గుడ్డు పెట్టిన, పొదిగిన, ప్రతి కుబుసం, ప్యూపా అయిన, రెక్కలు విచ్చిన తేదీలు
- పురుగు కొమ్ముల జతలు
- పేరు మీద ఎంత నమ్మకం: ఖాయం, బహుశా, క్రో జాతి మాత్రమే

చివరి గడిని ఖాళీగా వదలొద్దు. తరవాత ఎవరైనా ఆ రికార్డును చూస్తే ముందు చదివేది దాన్నే.